కొలతలు తీసుకున్నాకే కత్తెర

మొన్న ఆదివారం మా వీధి పిన్నమ్మ ఒకామె రెడీమేడ్ జాకెట్టు పట్టుకుని కొట్టుకొచ్చింది. కొని నెల కూడా కాలేదు. చంకల దగ్గర పట్టేస్తోంది, చెయ్యి పైకెత్తితే కుట్టు చిట్లేట్టుంది. "ఒక్క ఇంచీ లూజు చేసిపెట్టమ్మాయ్" అంది. జాకెట్టు తిరగేసి చూపించాను. లోపల వదిలిన గుడ్డ పావు ఇంచీ కూడా లేదు. ఓవర్‌లాక్ కొట్టి అంచుదాకా కోసేశారు. విప్పితే మళ్ళీ కుట్టు వేయడానికి గుడ్డ ఉండాలి కదా! పక్కనే నేను కుట్టిన జాకెట్టు ఒకటి తిరగేసి పెట్టాను. పక్క కుట్టు దగ్గర లోపల ఇంచీన్నర గుడ్డ మడిచి ఉంది. దాని మీద వరసగా మూడు కుట్లు. ఒళ్ళొస్తే లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటే చాలు, రెండోది పట్టుకుంటుంది. కాన్పయినా అదే జాకెట్టు, నలభై దాటినా అదే జాకెట్టు. ఆమె ఆ మూడు కుట్లనూ వేలితో తడిమి చూసింది. "మా అమ్మ జాకెట్లన్నీ ఇట్లనే ఉండేవి" అంది.

నేను త్రిపురాంతకంలో బాలాత్రిపురసుందరి అమ్మవారి గుడికి పోయే దారిలో చిన్న కుట్టుకొట్టు నడుపుతున్నాను. అంతకుముందు నాలుగేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేశాను. కొత్తవి కనిపెట్టడం గురించి ఈ మధ్య చాలా వింటున్నాం. పర్యావరణానికి చెరుపు చేయని ఫ్యాషన్ అంటున్నారు, ఆటలాడిస్తూ అరబ్బీ నేర్పే యాప్‌లు అంటున్నారు. అవన్నీ రావలసినవే. దర్జీగా నేను అడిగేది మాత్రం ఒకటే. ఎవరి కొలత తీసుకుని కుట్టారు? కొలత చూడకుండా కుట్టిన బట్ట చెత్తకుప్పకు పోతుంది. కొలత చూడకుండా నేర్పిన భాష మనిషిని పరాయి ఊళ్ళో నోరు లేనిదాన్ని చేస్తుంది. రెండూ నేను అనుభవించాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను కువైట్ పోయింది 2013లో. అప్పటికి నాకు 31 ఏళ్ళు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు 30 నిండి ఉండాలని మన ప్రభుత్వం పెట్టిన నిబంధన. మా పశ్చిమ ప్రకాశంలో వలస అంటే హైదరాబాదు, బెంగళూరు, లేకపోతే మిరపకోతలకు గుంటూరు వైపు. కడప, రాయచోటి, రాజంపేట మాదిరి వీధికో గల్ఫ్ మనిషి మా దగ్గర ఉండరు. కానీ వరసగా రెండేళ్ళు కంది, పత్తి చేతికి రాకపోతే దూరం, దగ్గర అని చూసుకునే పరిస్థితి ఉండదు. నన్ను పంపిన ఏజెంటు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. నెల రోజుల్లో అరబ్బీ వస్తుందన్నాడు. రాత్రిళ్ళు పిల్లను పడుకోబెట్టి బట్టీ పట్టాను. అన్నం అంటే రుజ్, నీళ్ళంటే మా, ఇప్పుడంటే అల్ ఆన్, నాకు కావాలి అనడానికి ఉరీదు. ఆ పుస్తకంలో నాకు రాని మాట లేదు.

దిగిన మర్నాడు మామా వంటింట్లోకొచ్చింది. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అనే పిలవాలి. వచ్చి, "ఏష్" అంది. నేను అట్లాగే నిలబడ్డాను. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. రొట్టె తీసి ఇచ్చాను. విసురుగా పక్కన పెట్టేసి, తానే బియ్యం డబ్బా తెరిచి చూపించింది. కువైట్‌లో ఏష్ అంటే అన్నం. పుస్తకాల అరబ్బీలో ఆ మాటకు బతుకు అని అర్థం, ఈజిప్టులో అదే మాటకు రొట్టె అని అర్థం. నీళ్ళు అక్కడ మాయ్. ఇప్పుడు అనడానికి అల్‌హీన్. రేపటికి బాచిర్. కోడికి దియాయ్. కావాలి అనడానికి అబీ. నేను నేర్చుకుపోయింది టీవీలో వార్తలు చదివే అరబ్బీ. ఆ ఇంట్లో వంటగదిలో, పిల్లల మధ్య, ఫోన్లలో మాట్లాడేది వేరే అరబ్బీ.

ఇంకో సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. మొదటి నెలలోనే ఒక గాజు గిన్నె చెయ్యి జారి పగిలింది. భయంతో రెండు చేతులూ జోడించి "మాఫీ, మాఫీ" అన్నాను. మనకు రుణమాఫీ తెలుసు, తప్పు మాఫీ చేయమనడం తెలుసు. క్షమించమని అడుగుతున్నాననుకున్నాను. గల్ఫ్‌లో మాఫీ అంటే 'లేదు' అని. పగిలిన పెంకులు కాళ్ళ ముందు పెట్టుకుని "లేదు, లేదు" అంటున్న పనిమనిషిని చూసి ఆమె ఏమనుకుని ఉంటుంది? అబద్ధం ఆడుతున్నాననుకుంది. ఆ రోజు పడ్డ మాటలు గిన్నె పగలగొట్టినందుకు కాదని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఎవరైనా ఒక్కరు ముందుగా, "అమ్మాయ్, ఈ మాట మన మాటలా ఉంటుంది, మోసపోవాకు" అని చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

జబ్బు చేసినప్పుడు ఇంకా కష్టం. కడుపునొప్పి అని చెప్పడానికి పుస్తకంలో నేర్చుకున్న మాట ఎవరికీ పట్టలేదు. "బత్నీ యఅవ్విర్నీ" అంటే అక్కడ చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఆ రెండు మాటలు రాక నేను రెండు రోజులు నొప్పితోనే పని చేశాను. అన్నిటికన్నా పెద్ద నష్టం నాకు తెలియకుండానే జరిగింది. నేను అక్కడ ఉండగానే, 2015లో, కువైట్ ప్రభుత్వం ఇంటిపని చేసేవాళ్ళ కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని మానేసి పోయేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి. మనం ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదు. మరుసటి ఏడు నెలకు 60 దీనార్లకు తగ్గకూడదని జీతం కూడా ఖరారు చేశారు. ఈ సంగతులన్నీ నేను 2017లో ఇంటికి వచ్చేశాక తెలుసుకున్నాను. చట్టం నా నెత్తి మీద గొడుగులా ఉన్నా, దాన్ని పట్టుకోవడానికి నాకు ఒక్క మాట రాలేదు.

ఆ ఇంట్లో నా బతుకు కాస్త తేలికపడింది సూదీ దారంతోనే. పిల్లల గౌన్లు రెండుసార్లు తొడిగి, కాస్త బిగుతయితే సంచుల్లో కుక్కి బయట పెట్టేవారు. ఒకసారి ఆ సంచిలోంచి ఒక గౌను తీసి, నడుం దగ్గర విప్పి, ఇంకో గౌను గుడ్డతో పట్టీ వేసి కుట్టాను. మామా చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన దరాఆ తెచ్చి ఇచ్చింది. దరాఆ అంటే అక్కడి ఆడవాళ్ళు ఇంట్లో తొడుక్కునే పొడవాటి వదులు గౌను. ఆనాటి నుంచి నన్ను ఖయ్యాతా అని పిలిచింది. అంటే దర్జీ. పేరు మారితే మాట తీరు మారింది. ఆమె బట్టలు తెచ్చి పక్కన కూర్చునేది, నేను కుట్టేదాన్ని, ఆమె చెప్పేది. ఇది ఖైత్, దారం. ఇది ఇబ్రా, సూది. ఇది మఖస్, కత్తెర. అరబ్బీ నాకు అప్పుడొచ్చింది. చేతిలో పని ఉంది, ఎదురుగా మనిషి ఉంది, తప్పు పలికితే దిద్దే ఓపిక ఉంది. ఏ పుస్తకం నేర్పనిది ఆ మూడూ నేర్పాయి.

తిరిగొచ్చి కొట్టు పెట్టాక, మా పక్క వీధి వదిన ఒకామె కువైట్ పోతూ జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చింది. "అక్కడ నీకు ఏం మాట్లాడాలో తెలుసా వదినా" అని అడిగాను. ఫోనులో ఒక యాప్ చూపించింది. డ్యుయోలింగో వాళ్ళు 2019 నుంచి అరబ్బీ నేర్పుతున్నారు. ఎంతో శ్రమపడి చేశారు, చదువుకున్న పిల్లలకు ముచ్చటగా ఉంటుంది. అయితే అది నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు రావాలి. ఈమె ఏడో తరగతితో ఆపేసింది. యాప్ మొదట అక్షరాలు నేర్పుతోంది. అరబ్బీకి 28 అక్షరాలు, కుడి నుంచి ఎడమకు రాస్తారు, మాట మొదట్లో ఒక రూపు, నడుమ ఒక రూపు, చివర ఇంకో రూపు. ఈమెకు అక్కడ రాయాల్సిన పని లేదు. వినాలి, బదులు చెప్పాలి. నెల రోజుల్లో విమానం ఎక్కే మనిషికి అక్షరాల దగ్గరే నెల గడిచిపోతుంది. పాఠం మంచిదే. ఈమె కొలతకు కుట్టింది మాత్రం కాదు.

అప్పుడే పీలికల సంచి మీద నా చూపు పడింది. దర్జీ కొట్టులో రోజూ సంచెడు కట్ పీసులు మిగులుతాయి. జాకెట్టు గుడ్డ చంక వంపు దగ్గర, మెడ దగ్గర చంద్రవంకల్లా కోసినవి, లైనింగు ముక్కలు, ఫాల్ మిగుళ్ళు. వాటిలోంచి 25 చదరపు ముక్కలు కోసి, ఐదు వరసలు ఐదు గళ్ళుగా అతికి, అష్టాచెమ్మ పటం కుట్టాను. మన పెద్దవాళ్ళు పచ్చీసు పటాన్ని గుడ్డతోనే కుట్టుకునేవాళ్ళు కదా, మడిచి పెట్టుకోవడానికి వీలుగా. బయటి వరసలో 16 గళ్ళు వస్తాయి. వాటి మీద రంగు దారంతో బొమ్మలు కుట్టాను. అన్నం గిన్నె, నీళ్ళ చెంబు, ఉప్పు, ఉల్లిగడ్డ, కోడి, కుర్చీ, సబ్బు, తలుపు. అంటే ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు చేతికి తగిలేవి. లోపలి వరసలో ఎనిమిది గళ్ళు. అందులో జీతం, సెలవు, నొప్పి, ఫోను, పాస్‌పోర్టు, ఆసుపత్రి, పోలీసు, ఎంబసీ. నడిమధ్య పండు గడిలో మా ఇంటి గడప, రెండు పక్కలా ముగ్గు.

ఆట మనకు తెలిసిందే. నాలుగు గవ్వలు. చెమ్మ పడితే "అర్బఆ" అని అరవాలి, అష్ట పడితే "తమానియా". ఒకటి పడితే వాహిద్. కాయ ఏ గడిలో దిగితే ఆ బొమ్మతో ఒక ముక్క చెప్పాలి. చెంబు మీద దిగితే "అబీ మాయ్". చెప్పలేకపోతే కాయ ఒక గడి వెనక్కి. ఎదుటి కాయను ఒక్కదాన్నయినా కొడితేనే లోపలి వరసలోకి పోనిచ్చేది మా వైపు పద్ధతి. అక్కడికి చేరాక మాటలు బరువైనవి. జీతం గడిలో దిగితే "వేన్ మఆషీ" అనాలి. నా జీతం ఎక్కడ అని. తల దించుకుని అంటే ఒప్పుకోం. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించకుండా, కోపం లేకుండా అనాలి. ఆ ఒక్క గడి దగ్గరే ఆడవాళ్ళు ఎక్కువసార్లు వెనక్కి పోతారు. మాట రాక కాదు. జీతం అడగడం మనకు ఎవరూ నేర్పలేదు కాబట్టి.

ఆటలో తేలిన ఇంకో సంగతి చెప్పాలి. మనకు అరబ్బీ ఎప్పటి నుంచో కొంత వచ్చు. బడిలో పేరు పిలిస్తే హాజరు అంటాం. అక్కడ మామా పిలిస్తే "హాదిర్" అంటాం, ఒకటే మాట. కుర్చీ అక్కడ కుర్సీ. దుకాణం అక్కడ దుక్కాన్. జవాబు, తారీఖు, వకీలు, హక్కు, బాకీ, ఇవన్నీ ఆ భాషలోంచి నడిచొచ్చి మన కచేరీల్లో, కొట్లలో, నోళ్ళలో స్థిరపడిన మాటలే. నేను రోజూ చేసే మరమ్మతు కూడా అరబ్బీ మూలం ఉన్న మాటే. సబ్బును అక్కడ సాబూన్ అంటారు, టీని చాయ్ అనే అంటారు. ఈ మాటలు ముందు పెడితే, ఏడో తరగతి చదివిన వదిన మొదటి సాయంత్రమే "ఇరవై మాటలు నాకు ముందే వచ్చా!" అని ఆశ్చర్యపోయింది. భయం సగం అక్కడే పోయింది. ఆ తర్వాత మోసం చేసే మాటలు. మాఫీకీ పటంలో ఒక గడి ఉంది, దానికి ఎర్రగుడ్డ వాడాను, చూడగానే ఆగడానికి. ఎంబసీని సిఫారా అంటారు. మన సిఫారసు లాగే వినిపిస్తుంది, అర్థం వేరు. అందుకే "కష్టమొస్తే సిఫారసు కోసం పోవాల్సిన చోటు సిఫారా" అని ఒకరికొకరు చెప్పుకుని గుర్తుపెట్టుకుంటున్నారు.

నా కూతురు మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. ప్రపంచంలో ఇట్లాంటి ఆటలు ఇంకేమున్నాయో తనే వెతికి చూపించింది. సిరియా యుద్ధంలో ఇళ్ళు వదిలి, బడి లేక తిరుగుతున్న పిల్లల కోసం నార్వే ప్రభుత్వం డబ్బిచ్చి ఒక పోటీ పెట్టింది. 2017లో రెండు ఆటలు గెలిచాయి. ఒకదాంట్లో అంతూరా అనే కుక్క, కాళ్ళొచ్చి పరుగెత్తే అక్షరాలు. ఇంకోదాంట్లో ఆకలేసిన చిన్న రాకాసికి సరైన అక్షరం నోట్లో పెట్టాలి. పెడితే పెరుగుతుంది. రెండిటినీ ఎవరైనా తీసుకుని మార్చుకునేలా బయటపెట్టారు. ఆ పిల్లలకు అరబ్బీ మాట్లాడటం పుట్టుకతో వచ్చు, చదవడం రాదు. పక్కన టీచరు లేరు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఒకటి ఉంటుంది. మనసులో యుద్ధం తాలూకు బెదురు ఉంటుంది. ఇదంతా కొలిచి మరీ ఆ ఆటలు కుట్టారు. అందుకే అవి నాకు నచ్చాయి. అందుకే అవి మా వదినకు సరిపోవు కూడా. ఆమెది తిరగేసిన కొలత. ఆమెకు చదవడంతో పని లేదు, మాటే కావాలి. పక్కన యంత్రం కన్నా నలుగురు ఆడవాళ్ళు కావాలి, నవ్వుతూ తప్పు దిద్దడానికి.

బట్టల వ్యాపారంలోనూ ఇదే కథ. ఒక్క నూలు టీషర్టుకు, పత్తి సాగు మొదలుకుని, 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ లెక్క. మా ఊళ్ళో తాగే నీళ్ళు 20 లీటర్ల క్యాన్లలో కొంటాం. అంటే ఒక్క టీషర్టుకు 135 క్యాన్లు. వెలిగొండ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న ప్రాంతం మాది. ఇన్ని నీళ్ళు తాగిన గుడ్డను మూడుసార్లు తొడిగి పారేయడం మాకు తప్పుగానే కనిపిస్తుంది. ఎవరూ పెద్ద పేరు పెట్టి చెప్పాల్సిన పని లేదు. పాత చీరలన్నీ కలిపి బొంత కుట్టడం, అన్న నిక్కరు తమ్ముడికి వేయడం, మోకాలి దగ్గర మాసిక వేయడం మా ఇళ్ళలో మొన్నమొన్నటి దాకా నడిచింది.

పెద్ద ఊళ్ళలో ఇప్పుడు ఈ పనినే వ్యాపారంగా చేస్తున్నారు, అది నాకు సంతోషం. మన దగ్గర ఉజ్రమ్మ గారు మొదలుపెట్టిన మల్కా చూడండి. మల్‌మల్, ఖాదీ రెండు మాటలూ కలిపి ఆ పేరు పెట్టారు. పత్తిని గట్టిగా నొక్కి బేళ్ళు కట్టడం ఒకప్పుడు ఓడల్లో ఇంగ్లండు మిల్లులకు పంపడానికి పుట్టిన పద్ధతి. పక్క ఊళ్ళో వడికే నూలుకు కూడా అట్లాగే నొక్కి, మళ్ళీ ఆ గట్టిపడిన దూదిని యంత్రాలతో విప్పుతూ వచ్చాం. మల్కా వాళ్ళు ఆ నొక్కుడే తీసేశారు. పత్తి పండే చోటే, నొక్కని దూదితో, చిన్న యంత్రాల మీద వడికిస్తారు. కొత్త యంత్రం చేర్చడం కన్నా అక్కర్లేని పని తీసేయడం పెద్ద ఆవిష్కరణ అని నేను నమ్ముతాను. ఢిల్లీలో అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ ఇంకో తీరు. పాత బట్టలను దానంగా పంచకుండా, ఊరివాళ్ళు తమ ఊరి కోసం చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇస్తారు. తీసుకునే మనిషి మర్యాదను కూడా కొలిచారన్నమాట. ఫ్రాన్స్‌లో 2023 నవంబరులో బట్టలు, చెప్పులు బాగు చేయించుకునేవాళ్ళకు ఒక్కో మరమ్మతుకు 6 నుంచి 25 యూరోల దాకా తగ్గింపు ఇవ్వడం మొదలుపెట్టారు. కొత్తది కొనడం కన్నా పాతది బాగుచేయించుకోవడం చవక కావాలన్నదే వాళ్ళ ఆలోచన.

ఇక్కడ నాకు రెండు అభ్యంతరాలు వినిపిస్తుంటాయి. ఒకటి, అరబ్బీ నేర్పితే ఆడవాళ్ళను గల్ఫ్‌కు తోసినట్టే కదా అంటారు. మా నేలకు నీళ్ళొచ్చి, మా చేతులకు ఇక్కడే పని దొరికితే ఎవరూ పోనక్కర్లేదు. అది జరగాలని నేను రోజూ అమ్మవారికి మొక్కుతాను. కానీ ఈ నెల టికెట్టు తీసుకున్న మనిషికి ఆ రోజు దాకా ఆగమని చెప్పలేం. పోయే మనిషి నోరు కట్టేసి పంపితే వలస ఆగదు, దోపిడీ పెరుగుతుంది. రెండోది, అతుకుల బట్ట పేదరికానికి గుర్తు అంటారు. ఆ మాట నన్నూ బాధపెడుతుంది. మాసిక వేసిన చొక్కాతో బడికి పోయిన పిల్లకు ఎదురైన చూపులు నాకు తెలుసు. అందుకే బాగుచేయడం అంటే ఎలాగోలా కప్పెట్టడం కాకూడదు. రంగు కలిపి, ఒద్దికగా, చూసినవాళ్ళు ఎవరు కుట్టారని అడిగేలా చేయాలి. అది పనితనం. పనితనానికి కూలి ఉండాలి. కొత్త జాకెట్టు కుట్టడానికి ఇచ్చే డబ్బులో సగమైనా విప్పి కుట్టే పనికి ఇవ్వడానికి మనం వెనకాడుతున్నాం. విప్పి కుట్టడమే ఎక్కువ కష్టమని ఏ దర్జీని అడిగినా చెబుతారు.

అందుకని నేను అడిగేవి ఇవి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతిపనుల్లో దర్జీలూ ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 ఇస్తారు. మంచి సాయం. ఆ శిక్షణలో కొత్తది కుట్టడంతో పాటు పాతది విప్పి కుట్టడం, రఫ్ఫు, మాసిక, పీలికలతో పని, వీటికి రెండు రోజులైనా కేటాయించాలి. ప్రభుత్వ బడి పిల్లలకు యూనిఫాం గుడ్డ, కుట్టుకూలి ఇస్తున్నారు. ఆ యూనిఫాంకు కింద మూడించీల మడత, పక్కల ఇంచీ గుడ్డ వదలాలని ఒక్క ముక్క రాసి పంపితే చాలు. పెరిగే పిల్లకు ఏడాది నడుమ లంగా మోకాళ్ళ పైకి పోదు. ఆ ముక్క రాయడానికి పైసా ఖర్చు లేదు.

గల్ఫ్‌కు పోయేవాళ్ళ సంగతి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం 2016లో ఉత్తర్వు ఇచ్చింది, మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. పోయేముందు ఒక రోజు శిక్షణ ఇచ్చే ఏర్పాటు 2018 నుంచి ఉంది. ఒక్క రోజులో విమానం, అకామా అనే నివాస అనుమతి, బీమా గురించి చెప్పొచ్చు. భాష ఒక్క రోజులో రాదు. ముప్ఫై సాయంత్రాలు కావాలి, రోజుకో గంట. ప్రతి ఊళ్ళో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి, అక్కడ పని చేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. మాకంటే మంచి టీచర్లు ఎవరు? మాకు కాస్త గౌరవవేతనం ఇచ్చి, కువైట్‌కు పోయేవాళ్ళకు కువైట్ మాట, సౌదీకి పోయేవాళ్ళకు సౌదీ మాట, తెలుగు లోంచే నేర్పించండి. మార్కాపురం పలకల మీద ఊళ్ళకు ఊళ్ళు అక్షరాలు దిద్దుకున్నాయి. ఆ పలక మీద అరబ్బీ అంకెలు కూడా దిద్దిస్తే, జీతం కాగితం మీద ఎంత రాశారో చదువుకోగలుగుతారు. యాప్‌లు చేసే చదువుకున్న పిల్లలకు కూడా ఒక మాట. మీ చేతిలో విద్య ఉంది. ఒక్క సాయంత్రం వచ్చి మా పటం చుట్టూ కూర్చోండి. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూసి, ఆ తర్వాత చేయండి.

ఆ వదిన పోయి ఏడాది దాటింది. మొదటి నెల ముగిశాక ఫోను చేసింది. అక్కడ జీతం రెండు రోజులు ఆలస్యమైందట. మూడో రోజు పొద్దున మామా చాయ్ తాగుతుంటే ఎదురుగా నిలబడి అడిగిందట, "వేన్ మఆషీ" అని. ఆమె కప్పు దించి, ఈమెను ఎగాదిగా చూసి, లోపలికి పోయి డబ్బు తెచ్చి చేతిలో పెట్టిందట. "నీ కొట్లో ఆ గడి దగ్గర ఎన్నిసార్లు వెనక్కి పోయానో గుర్తుందా" అని ఫోనులో ఏడ్చింది. పటం మడిచి తలగడ కింద పెట్టుకుందట. పక్కింట్లో పనిచేసే శ్రీలంక పిల్లతో సెలవు రోజున ఆడుతోందట.

వచ్చే నెల ఎర్రగొండపాలెం వైపు నుంచి ఇద్దరు పోతున్నారు. వాళ్ళ పటాల కోసం పీలికలు ఏరి, రంగులవారీగా కట్టలు కట్టి పెట్టాను. ఎర్రముక్క రెండిటికీ సరిపోయేంత ఉంది.